అందరిదీ క్లచ్ ప్లేట్లే

జనవరి 20, సోమవారం

మీటరు 1,11,640. డీజిల్ ముప్పై లీటర్లు, పేట బంకులో. గుంటూరు యార్డుకు మిరపకాయల గోనె టిక్కీలు నలభై రెండు. వచ్చేటప్పుడు ఖాళీ. బండి బాగుంది.

జనవరి 23

పత్తి లోడు, జిన్నింగ్ మిల్లుకు. బండి బాగుంది. పొద్దున సెల్ఫ్ కొంచెం ఎక్కువసేపు తిరిగింది. చలి.

జనవరి 25

బండి బాగుంది. ఇవాళ కూడా సెల్ఫ్ ఎక్కువసేపు తిరిగింది. చలికే.

జనవరి 27, సోమవారం

మీటరు 1,12,308 దగ్గర ఆగిపోయింది.

ఎడ్లపాడు దాటి రెండు కిలోమీటర్లు. వెనక నలభై టిక్కీలు. ముందు ఏ చప్పుడూ లేదు, పొగ లేదు. దీపం ఆర్పినట్టు ఇంజన్ ఆగింది. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. సరుకు పొద్దున్నే యార్డుకు చేరాలి. ఇంకో బండి మాట్లాడి టిక్కీలు మార్పించాను. నా పికప్ బండికి తాడు కట్టి చిలకలూరిపేట మెకానిక్ బుడాన్ షెడ్డుకు లాగించాను.

బుడాన్ ఫిల్టరు విప్పి గిన్నెలోకి వంచాడు. డీజిల్లో మెరుపులు. వేలితో తీసి నా అరచేతిలో రాశాడు.

“ఇనప రజను బాబాయ్. హై ప్రెషర్ పంపు లోపల అరిగి రాలుస్తోంది. ఆ రజను నాజిళ్ళ దాకా పోయింది.”

“డీజిల్ మంచిదే కొట్టిస్తానే.”

“మంచిదైనా చెడ్డదైనా ఈ పంపుకి ఒకటే. ఇదే మోడలు, ఇదే రోగం. నా దగ్గరికి నీది మూడోది.”

“మిగతా రెండూ ఎవరివి?”

“చెప్పకూడదు. ఒట్టేయించుకున్నారు.”

తర్వాత, “నాది కూడా ఎవరికీ చెప్పొద్దు,” అన్నాను.

బుడాన్ నవ్వాడు. “అంటావని తెలుసు. ఏమని చెప్పమంటావు? క్లచ్ ప్లేట్లేనా?”

క్లచ్ ప్లేట్లే అన్నాను. క్లచ్ అరిగేదే, అరిగితే ఎవరూ ఏమీ అనుకోరు. పంపు పోయిందంటే దారిలో ఆగే బండి అని పేరు పడుతుంది. ఆ పేరు పడితే యార్డు వ్యాపారులు సరుకు ఎక్కించరు, రేపు అమ్మబోయినా కొనేవాడుండడు.

జనవరి 30

బండి వచ్చింది. బుడాన్ బాగుచేసిన పంపు ఒకటి వేశాడు. టాంకు దించి కడిగాడు. పాతది తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఊళ్ళో అడిగినవాళ్ళందరికీ క్లచ్ ప్లేట్లు అని చెప్పాను. కోటేష్ కూడా అడిగాడు. వాడిదీ ఇదే బండి. మూడేళ్ళ కిందట ఇద్దరం ఒకే వారంలో గుంటూరు షోరూములో తెచ్చుకున్నాం.

“క్లచ్ ప్లేట్లా మామా? ఈ బండ్లకదే రోగం. నేనూ డిసెంబర్లో మార్పించా,” అన్నాడు.

సుబ్బరావమ్మకు కూడా క్లచ్ అనే చెప్పాను. ముప్పై ఏళ్ళు నాతో కాపురం చేసిన మనిషి. సరే అంది, నా మొహం వైపు చూడలేదు.

ఫిబ్రవరి 3

బండి బాగుంది.

ఫిబ్రవరి 4

బండి బాగుంది.

ఫిబ్రవరి 6

సుబ్బరావమ్మ పెదకాకాని వెళ్ళి బండికి మళ్ళీ పూజ చేయించమంటోంది. దిష్టి తగిలిందని దాని నమ్మకం. ఆదివారం వెళ్దామన్నాను. దిష్టి అయితే మంచిదే. దిష్టి పోతుంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

పెదకాకాని గుడి ముందు కొత్త బండ్ల వరస చాలా పొడుగ్గా ఉంది. ట్రాక్టర్లు, ఆటోలు, కార్లు, ఇంకా సీట్లకు ప్లాస్టిక్ కవర్లు తీయని మోటారు సైకిళ్ళు. ఆ వరసలో నాలాంటి పాత బండి ఒక్కటే ఉంటుందనుకుని సిగ్గుపడుతూ వెళ్ళాను.

ముందున్నది నా బండే. నా బండి కాదు, అలాంటిదే. అదే రంగు, అదే ఏడు. వెనక్కి చూస్తే ఇంకొకటి. మూడిటికీ వెనక సరుకు వేసే డాలాలు గీతలు పడి, మిరప ఘాటు పట్టి ఉన్నాయి. మూడిటికీ కొత్త బంతిపూల దండలు.

ముందు బండి ఆయన పొన్నూరు వైపు మనిషి. తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. వెనక బండి కుర్రవాడు ఆయన్ను అడిగాడు.

“కొత్తది కాదుగా, మళ్ళీ పూజేందండీ?”

“క్లచ్ ప్లేట్లు వేయించాం బాబూ. అంతా మంచిగా ఉండాలని.”

“అట్టాగా? మాదీ క్లచ్ ప్లేట్లేనండి.”

ఇద్దరూ నా వైపు చూశారు. నేనూ అదే చెప్పాను. తర్వాత ముగ్గురం తలో దిక్కు చూస్తూ నిలబడ్డాం.

పూజారి గుమ్మడికాయ తిప్పుతూ, “ఈమధ్య క్లచ్ ప్లేట్లు బాగా పోతున్నాయండీ,” అన్నాడు. ఆయన నవ్వలేదు.

నేను అక్షరాలు నేర్చుకున్నది లారీల వెనకే. క్లీనరుగా ఉన్నప్పుడు ముందు లారీ మీద ఏం రాసి ఉందో డ్రైవరును అడిగి కూడబలుక్కునేవాణ్ణి. బండి వెనక రాసినదాన్ని చదవకుండా ఇప్పటికీ ఉండలేను. ఆ రెండు బండ్ల వెనక కిరాయికని రాసిన ఫోను నంబర్లు చదివాను. ఇంటికొచ్చి ఇక్కడ రాసుకున్నాను. ఎందుకో తెలియదు.

ఫిబ్రవరి 12

బండి బాగుంది.

ఫిబ్రవరి 17, సోమవారం

మీటరు 1,13,077.

రాయకుండా పడుకుందామనుకున్నాను. నిద్ర రాలేదు.

బసవమ్మ ముఠాను మిరపకోతకు ఎక్కించుకున్నాను. పదకొండు మంది ఆడవాళ్ళు. చేను మార్టూరు అవతల, హైవే దాటాలి. తెల్లవారుతోంది, మంచు ఉంది. డివైడరు సందులో నుంచి రోడ్డు మధ్యకు వచ్చాను. ఇంజన్ ఆగిపోయింది.

అప్పటిలాగే. చప్పుడు లేదు. స్టీరింగ్ బిగుసుకుంది. బండి రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయింది. ఒంగోలు వైపు నుంచి లారీ లైట్లు వస్తున్నాయి. నేను సెల్ఫ్ కొడుతూనే ఉన్నాను. ఇంకేం చేయాలో తోచలేదు. బసవమ్మ అరిచింది, “దూకండే! తొయ్యండే!” పదకొండు మందీ దూకి తోశారు. లారీ హారన్ కొట్టుకుంటూ మా వెనక నుంచి పోయింది. ఆ గాలికి డాలా రేకు అదిరింది.

ముఠాలో సైమా అనే పిల్లకు దూకడంలో మోకాలు గీరుకుపోయింది. అంతే. అంతే అని రాస్తున్నాను.

పక్కకు చేరాక నేనే అన్నాను, “క్లచ్ పోయినట్టుంది.”

బసవమ్మ కొంగుతో మొహం తుడుచుకుని నా దగ్గరికొచ్చింది.

“క్లచ్చి పోతే ఇంజను మోగుద్ది, బండి కదలదు. ఇదేమో ఇంజనే చచ్చింది. మా ఆయన పద్దెనిమిదేళ్ళు లారీ తోలాడయ్యా. నాకు చెప్పమాక.”

నేను వంగి బండి కిందకు చూడబోయాను.

“ఏందో నీకు ముందే తెలుసు. తెలిసే మమ్మల్ని ఎక్కించుకున్నావు,” అంది. గొంతు పెంచి తిట్టినా బాగుండేది. మామూలుగా అంది.

వాళ్ళు నడిచి చేనుకు వెళ్ళారు.

ఫిబ్రవరి 18

బండి షెడ్డులో ఉంది. మళ్ళీ రజను.

ఫిబ్రవరి 19

రాసేదేమీ లేదు.

ఫిబ్రవరి 20, గురువారం

ముందు సుబ్బరావమ్మకు చెప్పాను. “క్లచ్ కాదు,” అన్నాను. “తెలుసు, నిద్రలో పంపు పంపు అంటున్నావు,” అంది.

సాయంత్రం బసవమ్మ ఇంటికి వెళ్ళాను. కోత నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. మిరప మంటకు చేతులకు మజ్జిగ రాసుకుంటోంది. గుమ్మం బయటే నిలబడి జరిగిందంతా చెప్పాను. జనవరిలో ఆగినది, బుడాన్ చెప్పినది, నేను చెప్పిన అబద్ధం. ఇంతసేపు ఎవరితోనైనా మాట్లాడి ఎన్నేళ్ళయిందో.

చెప్పడం అయ్యాక ఒక్కటే అడిగింది.

“ఇది నీ బండి ఒక్కదానికేనా?”

“కాదనుకుంటా.”

“మరి ఆ బండ్లల్లో ఎక్కేది ఎవరు? మాబోటి వాళ్ళే గదా. ఇక్కడికొచ్చి నాకు చెపితే ఏం లాభం? చెప్పాల్సినోళ్ళకి చెప్పు పో.”

వచ్చేస్తుంటే వెనక నుంచి, “మజ్జిగ తాగి పో,” అంది. తాగాను.

ఇంటికొచ్చి ఒకటి అనుకున్నాను, రాసి పెడుతున్నాను. డాలాలో ఇక మనుషుల్ని ఎక్కించను, బండి బాగైనా సరే.

ఫిబ్రవరి 21, శుక్రవారం

బుడాన్ తన ఫోనులో కంపెనీ సైటు తెరిచి చూపించాడు. ఈ మోడలు బండ్లను పంపులో లోపం ఉందని కంపెనీయే వెనక్కి పిలిచింది. రీకాల్ అంటారట. ఊరికే మారుస్తారు. కానీ 2022 మార్చి వరకు తయారైన బండ్లకే. నా ఛాసిస్ నంబరు కొట్టాడు. ‘మీ వాహనానికి వర్తించదు’ అని వచ్చింది. నా బండి తలుపు దగ్గర రేకు మీద 04/2022 అని ఉంది. ఏప్రిల్.

గుంటూరు షోరూముకు వెళ్ళాను. సర్వీసు మేనేజరు ప్రేమ్‌చంద్ గారు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మంచి మనిషి. అందుకే ఆయన చెప్పింది ఇంకా కష్టంగా అనిపించింది.

“పేరయ్య గారూ, ఏప్రిల్ బండ్ల గురించి మా దగ్గరికి ఒక్క కంప్లైంటు కూడా రాలేదండి. మీదే మొదటిది. ఒక్క బండి అంటే పైవాళ్ళు డీజిల్ కల్తీ అంటారు. పదో పన్నెండో ఉంటే నేనే రాస్తాను, వాళ్ళూ చూస్తారు.”

“ఉన్నాయండి.”

“ఎవరివండి?”

ఎవరివో నాకూ తెలియదు. అందరం దాచుకున్నాం కదా. దాచుకున్నది ఆయనకెలా కనబడుతుంది?

ఫిబ్రవరి 22

పుస్తకంలో రాసుకున్న రెండు నంబర్లకూ ఫోను చేశాను. చేసేముందు ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకున్నాను.

మొదటాయన, “మాది క్లచ్ ప్లేట్లండి, చెప్పాంగా,” అని పెట్టేశాడు. రెండోవాడు, “నా నంబరు ఎవరిచ్చారు? బండి బేరంలో ఉంది, పాడుమాటలు మాట్లాడబాకండి,” అన్నాడు.

కాగితం చించేశాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

బస్సులో పెదకాకాని వెళ్ళాను. బండి లేకుండా ఆ వరస పక్కన నిలబడితే దొంగలా అనిపించింది. పాత బండికి కొత్త దండ కనబడితే దగ్గరికి వెళ్ళాలి. అంతే పని.

పొద్దున పదింటికి ఒకటి వచ్చింది. వెళ్ళలేకపోయాను. పూజ అయి వెళ్ళిపోయింది. పదకొండుకు ఇంకొకటి. కాళ్ళు కదిలాయి, నోరు కదల్లేదు. అదీ వెళ్ళిపోయింది. పన్నెండు దాటాక ఒకేసారి రెండు వచ్చాయి. వాటితోపాటు పొన్నూరాయన కూడా ఉన్నాడు, ఆ రెంటిలో ఒకటి ఆయన బావమరిదిదట. నన్ను గుర్తుపట్టి మొహం తిప్పుకున్నాడు.

ఏం చెప్పాలో తెలియక, “తలుపు తీసి రేకు మీద నెల చూడండి,” అన్నాను.

“ఏందీ?”

“నెల. బండి తయారైన నెల.”

బావమరిది తలుపు తీసి వంగి చూశాడు. “సున్నా నాలుగు, ఇరవై రెండు.” రెండో బండిదీ అదే. పొన్నూరాయన తనది చూడకుండానే చెప్పాడు, “నాదీ ఏప్రిలే.”

“నాదీ ఏప్రిలే. నాది క్లచ్ కాదు, పంపు. రెండుసార్లు పోయింది. రెండోసారి హైవే మధ్యలో, పదకొండు మంది ఆడవాళ్ళతో.”

మొదట బావమరిది నవ్వాడు. “బావా, నాకు గూడా క్లచ్చనే చెప్పావు గదా! నీ మాట విని నేను నిజంగానే క్లచ్ ప్లేట్లు మార్పించా. బాగున్న ప్లేట్లు పీకి పారేశా!”

పొన్నూరాయన తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు. “మరి మీ అక్క ఎవరికీ చెప్పొద్దందిరా.”

అందరం నవ్వాం. నేను కూడా. నంబర్లు, మీటరు రీడింగులు, ఆగిన తేదీ, ఆగిన చోటు రాసుకున్నాను. వాళ్ళు చెబుతూ ఉంటే ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఒకాయన వరికోత యంత్రం సామాను మోస్తూ కాలవ గట్టు మీద ఆగాడు. ఇంకొకాయన కూతుర్ని ఆస్పత్రికి తీసుకెళ్తూ ఆగాడు. అమ్మాయి క్షేమంగా ఉంది.

నాతో కలిపి నాలుగు.

ఫిబ్రవరి 26, శివరాత్రి

కోటప్పకొండ తిరునాళ్ళకు ఏటా నా బండి తిరిగేది. ఈసారి లేదు. ఊళ్ళో వాళ్ళ ట్రాక్టరు కూలికి తోలుతున్నాను.

బుడాన్ వినుకొండ నుంచి షఫీక్ అనే ఆయన్ను వెంటబెట్టుకొచ్చాడు. “నేను పేరు చెప్పలేదు బాబాయ్. ఒట్టు ఒట్టే. మనిషినే తెచ్చా,” అన్నాడు.

షఫీక్ తన బండి మార్చిలో తయారైందనుకున్నాడట, చూస్తే ఏప్రిల్. పంపు రెండు నెలల కిందట పోయింది.

“పూజ చేయించారా?” అని అడిగాను, అలవాటైపోయి.

“మేం దర్గాకి తీసకపోయాం పేరయ్య గారూ. మీరు గుళ్ళో, మేం దర్గాలో. పంపు మాత్రం ఎవరి మాటా వినలేదు.”

తనకు తెలిసినవాళ్ళు ఇంకో ముగ్గురు ఉన్నారన్నాడు. వాళ్ళకూ క్లచ్ ప్లేట్లేనట.

మార్చి 4

ఏడు.

మార్చి 7, శుక్రవారం

కోటేష్‌ను అడిగాను. వాడి ఇంటి ముందు బండి కడిగి మెరిపించి ఉంది.

“నీ బండి పాడైతే ఊళ్ళో బండ్లన్నీ పాడేనా మామా? నాకేం కాలేదు.”

“డిసెంబర్లో క్లచ్ అన్నావు.”

“క్లచ్చే! ఏం, క్లచ్ పోకూడదా?” తర్వాత గొంతు తగ్గించాడు. “పదిహేనో తారీఖున బేరం. అద్దంకి వైపు వాళ్ళు, అడ్వాన్సు ఇచ్చారు. నువ్విప్పుడు కంపెనీకి రాస్తే, రేపు పేపర్లో పడితే, నా గతేంది? నీకు పుణ్యముంటది, ఒక్క నెల ఆగు.”

“కొన్నవాడు ఎక్కడ ఆగుతాడు?”

“వాడి ఖర్మ.”

నేను లేచి వచ్చేశాను. వాణ్ణి తప్పు పట్టే హక్కు నాకు లేదు. ఇరవై రోజుల కిందట నేనూ వాడే. పంపు సంగతి చెప్పి అమ్మితే నా బండి ఎవరూ కొనరు. చెప్పకుండా అమ్మితే ఇంకొకడు రోడ్డు మధ్యలో నిలబడతాడు. కంపెనీ మారిస్తేనే నాకు బండి, లేకపోతే లేదు. ఇది ఇంత తేటగా ఇప్పుడే రాసుకున్నాను.

మార్చి 9, ఆదివారం

పెదకాకాని. బండ్లు పదకొండు అయ్యాయి. పూజారి నన్ను చూసి, “రండి, మీ వాళ్ళు ఇద్దరు వచ్చారు,” అన్నాడు.

మార్చి 13

యార్డులో తెలిసిపోయింది. నేను సరుకు తోలే కమిషన్ వ్యాపారి ఫోను చేశాడు. “పేరయ్యా, బండి బాగుచేయించుకుని రా, అప్పుడు చూద్దాం.” మర్యాదగానే అన్నాడు. దేనికి భయపడి జనవరిలో అబద్ధం చెప్పానో అదే జరిగింది. జరిగాక చూస్తే, అన్నం తిన్నాను, నిద్ర పట్టింది.

మార్చి 17, సోమవారం

ఉత్తరం రాశాను. నాలుగుసార్లు రాసి మూడుసార్లు చించాను. మొదట కష్టాలన్నీ రాశాను, బాగాలేదు. చివరికి ఇలా రాశాను.

‘అయ్యా, మేము పద్నాలుగు మంది. మా బండ్లు 2022 ఏప్రిల్‌లో తయారైనవి. ఏ బండి ఏ రోజున, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏ ఊరి దగ్గర ఆగిందో కింద రాశాము. ఇప్పటిదాకా మీకు చెప్పకపోవడం మా తప్పు. పేరు పోతుందని దాచుకున్నాము. బండి ఆగినప్పుడు అందులో ఎవరున్నారో కూడా రాశాము. దయచేసి చూడగలరు.’

ఎవరున్నారో రాసిన ఆ చివరి గడి షఫీక్ పెట్టించాడు. సరుకు, సరుకు, కూలీలు, కూతురు, సరుకు, పెళ్ళివారు, ఒక్కడే. అలా పద్నాలుగు వరసలు.

పన్నెండు సంతకాలు. రెండు వేలిముద్రలు. ఒకటి ప్రేమ్‌చంద్ గారి చేతికి ఇచ్చాను, ఒకటి హెడ్డాఫీసుకు రిజిస్టరు చేశాను. ఆయన ఉత్తరం మొత్తం నిలబడి చదివారు. “ఈ గడి ఎవరు పెట్టారండీ?” అన్నారు. చెప్పాను. “ఇది నేను ఇవాళే స్కాన్ చేసి పంపుతాను,” అన్నారు.

మార్చి 22

ఏమీ రాలేదు.

మార్చి 30, ఉగాది

ఏమీ రాలేదు. సుబ్బరావమ్మ పచ్చడి చేసింది. ఈసారి అందులో మా చేలో కారమే వేసింది, కళ్ళు తిరిగాయి.

కోటేష్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చాలాసేపు పచ్చడి తింటూ ఉన్నాడు.

“అడ్వాన్సు తిరిగిచ్చేశా మామా.”

“ఎందుకు?”

“అద్దంకోడు బండి చూసుకోటానికి భార్యను, ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకొచ్చాడు. ఒక రౌండు తోలతానన్నాడు. నేను పక్కన కూచున్నా. పోయినంతసేపూ నా కాలు కిందకి తొక్కుతానే ఉంది, నా వైపు బ్రేకే లేదు. దిగి ఇచ్చేశా.” తర్వాత అన్నాడు, “నా పేరు గూడా రాయి. డిసెంబరు ఎనిమిది. పర్చూరు రోడ్డు. పొగాకు బేళ్ళు.”

పదిహేను.

ఏప్రిల్ 8, మంగళవారం

ప్రేమ్‌చంద్ గారి ఫోను. ఏప్రిల్ బండ్లను కంపెనీ పరీక్షించడానికి ఒప్పుకుంది. వచ్చే మంగళవారం షోరూములో క్యాంపు. ఆయన గొంతులో సంతోషం విని నాకు ముందు నమ్మకం కలగలేదు. రెండోసారి చెప్పించుకున్నాను.

ఏప్రిల్ 15, మంగళవారం

పదిహేను వస్తాయనుకుంటే ఇరవై ఆరు బండ్లు వచ్చాయి. కొన్ని నడిచి, కొన్ని తాడు కట్టుకుని. నాదీ తాడుతోనే, కోటేష్ బండి లాగింది. వాడికి దారంతా భయమే, వాడి బండి ఆగితే రెండిటినీ ఎవరు లాగాలని.

కంపెనీ నుంచి శ్రీదివ్య అనే ఇంజనీరు వచ్చింది. చిన్న వయసు. మొదటి బండి పంపు అందరి ముందే విప్పించింది. లోపలి ముక్కను దీపం కింద పెట్టి ఒక్కొక్కరినీ పిలిచి చూపించింది. ఒక పక్క కాగితంలా పలచబడి ఉంది. “డీజిల్ తప్పు కాదండి. మీ బండ్లు తయారైన నెలలో కూడా అవే ముక్కలు వాడారు,” అంది. మా వాళ్ళు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఊపిరి వదిలారు.

తర్వాత అడిగింది, “బయట మెకానిక్ దగ్గర పంపు విప్పించినవాళ్ళు ఎవరండి? అవి వేరేగా రాయాలి.”

మళ్ళీ అదే మౌనం. పెదకాకానిలో ఉన్నదే. బయట విప్పితే కంపెనీ ఇవ్వదని అందరికీ భయం. చెప్పకపోతే ఇవాళే కొత్త పంపు వస్తుంది. ఆమె చేతిలో పుస్తకం, మా అందరి కళ్ళూ నేల మీద. నా కళ్ళు కూడా.

చెయ్యెత్తాను. “నాది బయట విప్పించాను. రెండుసార్లు.”

ఆమె రాసుకుంది. “ఇంకెవరైనా?”

షఫీక్ ఎత్తాడు. కోటేష్ నన్ను ఒక తిట్టు తిట్టి ఎత్తాడు. తర్వాత లెక్క పెట్టడం మానేశాను. బుడాన్ గోనెసంచి దించి పాత పంపులు నేల మీద వరసగా పెట్టాడు. ఏది ఎవరిదో సుద్దముక్కతో రాసి ఉంచాడు. శ్రీదివ్య వాటి ముందు కూర్చుండిపోయింది.

“ఇవి దాచారా!”

“దాచటం మా ఊరి అలవాటు మేడమ్,” అన్నాడు బుడాన్.

బయట విప్పని తొమ్మిదింటికి ఇవాళే కొత్తవి వేశారు. మావి పైకి రాస్తానంది. మాట ఇవ్వలేనంది. సాయంత్రం మళ్ళీ తాడు కట్టుకుని వచ్చాం. పొన్నూరాయన బావమరిది బండి మాత్రం కొత్త పంపుతో మమ్మల్ని దాటి పోతూ హారన్ కొట్టింది. పొన్నూరు దాకా కొడుతూనే పోయి ఉంటాడు.

ఏప్రిల్ 19

ఏమీ రాలేదు. ట్రాక్టరు పని.

ఏప్రిల్ 24, గురువారం

వచ్చింది. ఏప్రిల్ బండ్లన్నీ రీకాల్‌లో చేర్చారు. బయట విప్పినవి కూడా. పాత పంపు మీద నంబరు ఉన్నవాటికి నాజిళ్ళు కూడా ఇస్తారు. సైటులో నా ఛాసిస్ నంబరు నేనే కొట్టాను. ‘వర్తిస్తుంది’ అని వచ్చింది. మూడుసార్లు కొట్టాను.

ఏప్రిల్ 26

మీటరు 1,13,077. కొత్త పంపు, కొత్త నాజిళ్ళు, కడిగిన టాంకు. గుంటూరు నుంచి ఇంటిదాకా తోలుకుంటూ వచ్చాను. 1,13,139. ఎడ్లపాడు దగ్గర రోడ్డు అంచునే తోలాను. ఆగలేదు.

ఏప్రిల్ 28, సోమవారం

బసవమ్మకు అరెకరం కౌలు ఉంది. మిరప ఎనిమిది టిక్కీలు అయింది. యార్డుకు తోలుతావా అని కబురు పంపింది. ఎవరూ నన్ను అడగని రోజుల్లో ఆమె అడిగింది.

తెల్లవారుజామున వెళ్ళాను. టిక్కీలు ఎక్కించాం. ఏడాది పంట, ఆ ఎనిమిదే. ఆమె డాలా పక్కన నిలబడి రేకు మీద చెయ్యి పెట్టింది.

“మారిచ్చారా?”

“మార్చారు.”

“ఇంక ఆగదా?”

బాగుంది అనబోయాను. మూడేళ్ళుగా చేతికి అలవాటైన మాట, నోటికి కూడా వచ్చేసింది. మింగేశాను.

“తెలీదు బసవమ్మా. కొత్తది వేశారు, చూసి వేశారు. ఆగదనే అనుకుంటున్నా. చెప్పలేను.”

ఆమె నన్ను చూసింది. తర్వాత ముందు తలుపు తీసి, చెప్పులు దులుపుకుని, నా పక్క సీట్లో ఎక్కి కూర్చుంది.

“తెలీదన్నావు చూడు, అందుకెక్కా. పోనీ,” అంది.

హైవే దాటేటప్పుడు ఆమె కిటికీ అంచు పట్టుకుంది. నేను స్టీరింగ్ పట్టుకున్నాను. దాటాం. అవతల పక్కకు చేరాక ఆమె కొంగులోంచి జామకాయ తీసి, సగం కొరికి తింటూ, మిరప రేటు గురించి తిట్టడం మొదలుపెట్టింది. గుంటూరు దాకా తిడుతూనే ఉంది.

మీటరు 1,13,201. టిక్కీలు ఎనిమిది. మనుషులు ఇద్దరు, ముందు సీట్లో.